స్థలపురాణం నుంచి నవల వరకు

భారతదేశంలో దేవాలయమున్న అనేక ప్రాచీన గ్రామాలకు ఒక స్థలపురాణం ఉంటుంది. దైవం ఆ చోట వెలియడం, ఒక భక్తునికి కలలో కనిపించడం, ఒక రాజు గుడి కట్టించి మాన్యాలివ్వడం, ఉత్సవాలు ఏర్పడడం, చివరకు ఫలశ్రుతి: ఈ అంగాలు సామాన్యంగా ఇదే వరుసలో వస్తాయి. వీటిని భక్తి వాఙ్మయంగా మాత్రమే పరిగణించడం పరిపాటి. కాని ఇందులో ఒక కథానిర్మాణ పద్ధతి కూడా ఇమిడి ఉంది. ఇక్కడ నాయకుడు వ్యక్తి కాదు, ఊరు.

ఈ పద్ధతి చరిత్ర రచనకు సైతం ఉపకరించింది. కల్నల్ కాలిన్ మెకంజీ (1754-1821) తన సహాయకులైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల తోడ్పాటుతో తెలుగు ప్రాంతాలలో సేకరింపజేసిన కైఫీయతులు ఇందుకు నిదర్శనం. పలు కైఫీయతులు పురాణగాథతో ప్రారంభమై, రాజవంశాల మీదుగా, అగ్రహారాలు, దేవదాయాల వివరాల వరకు సాగుతాయి. ఊరి కరణానికి పురాణమూ దస్తావేజూ వేర్వేరు కావు. ఫలానా భూమిపై ఫలానా వారికి హక్కు ఎలా సంక్రమించిందో చెప్పడానికి ఆ ఊరు ఎలా పుట్టిందో చెప్పడం అవసరమైంది.

1930ల దశకంలో ఇద్దరు రచయితలు, వేర్వేరు భాషలలో, ఇదే చట్రాన్ని నవలకు వినియోగించారు. విశ్వనాథ సత్యనారాయణ (1895-1976) 'వేయిపడగలు' 1934 నాటి రచన. ఆ ఏటి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ బహుమతిని అది అడివి బాపిరాజు 'నారాయణరావు'తో పంచుకొంది. సుబ్బన్నపేట అనే గ్రామం, దానిని కాపాడే వేయి పడగల సర్పం, ఊరి భవిష్యత్తును పలికే గణాచారి, పచ్చని పైరుకు ప్రతీకగా నిలిచే పసిరిక: ఇవన్నీ స్థలపురాణ సామగ్రే. నవల సాగేకొద్దీ ఒక్కొక్క పడగా అంతరిస్తుంది. మాజీ ప్రధాని పి.వి. నరసింహారావు 'సహస్రఫణ్' పేరుతో చేసిన అనువాదం దీనిని హిందీ పాఠకులకు చేరువ చేసింది.

మైసూరు రాజ్యంలోని హాసన్‌లో జన్మించిన రాజారావు (1908-2006) ఇంగ్లీషులో రచించిన 'కాంతపుర' 1938లో లండన్‌లో వెలువడింది. స్థలపురాణం లేని ఊరు మన దేశంలో లేదన్న భావంతోనే ఆయన తన పీఠికను ఆరంభించారు. అచ్చక్క అనే వృద్ధురాలు కథకురాలు. రాక్షసుని సంహరించి ఊరిని కాచిన కెంచమ్మ గ్రామదేవత. హరికథకుడు గాంధీజీ జననాన్ని అవతార కథగా వినిపిస్తాడు. అక్కడి నుంచి పురాణంలోకి సత్యాగ్రహం ప్రవేశిస్తుంది.

రెండు నవలలూ చట్రాన్ని స్వీకరించి, ముగింపును మాత్రం తలకిందులు చేశాయి. స్థలపురాణం ఫలశ్రుతితో, అంటే క్షేమ వాగ్దానంతో, ముగుస్తుంది. సుబ్బన్నపేట శిథిలమవుతుంది. కాంతపుర కాలిపోగా, మిగిలినవారు కాశీపురంలో తలదాచుకుంటారు. పాఠకుడు ఎదురుచూసిన ఫలశ్రుతి రాకపోవడమే ఈ రెండింటి విషాదానికీ మూలం. చట్రం ముందే పరిచితం కాకపోతే ఆ లోటు ఇంత తీవ్రంగా తెలిసేది కాదు.

లక్ష్యాలు మాత్రం పరస్పర విరుద్ధం. విశ్వనాథకు ఆ ధ్వంసం ధర్మచ్యుతి ఫలితం. వర్ణవ్యవస్థతో కూడిన పాత జీవనం పోవడమే అక్కడి నష్టం. రాజారావు కథలో బ్రాహ్మణ యువకుడైన మూర్తి అంటరానివారి ఇంట అడుగుపెడతాడు. ఆ సందిగ్ధ క్షణంతో ఊరి పాత సరిహద్దు చెదురుతుంది. ఊరు పోయినా, పోరాటం వ్యర్థమైందని అచ్చక్క భావించదు. ఒకే చట్రం ఒకచోట సంప్రదాయ రక్షణకూ, మరొకచోట దాని సంస్కరణకూ సాధనమైంది. కాబట్టి పురాణ నిర్మాణం తనంత తాను ప్రగతిశీలమూ కాదు, తిరోగామీ కాదు. అయితే అది తటస్థమూ కాదు. మాన్యాలు పొందినవారి పేర్లు స్థలపురాణంలో నిలుస్తాయి. ఆ మాన్యాలను దున్నినవారి పేర్లు అరుదుగా కనిపిస్తాయి. చట్రాన్ని పరిశీలించకుండా స్వీకరించే రచయిత ఆ మౌనాన్ని కూడా స్వీకరిస్తాడు.

1949లో అమెరికన్ పండితుడు జోసెఫ్ క్యాంప్‌బెల్ పురాణగాథలన్నింటి వెనుకా ఒకే వీరయాత్ర ఉన్నదని ప్రతిపాదించాడు. నిష్క్రమణ, దీక్ష, పునరాగమనం అన్న ఆ మూడు దశలు తరువాతి కాలంలో హాలీవుడ్ కథారచనకు దాదాపు సూత్రగ్రంథమయ్యాయి. అక్కడ కథ కదలాలంటే నాయకుడు ఇల్లు విడవాలి. స్థలపురాణంలో ఊరు ఎక్కడికీ పోదు. దైవమూ, రాజూ, ఉద్యమమూ దాని వద్దకే వస్తాయి. ఒక సమూహపు కథ చెప్పదలచిన రచయితకు ఈ రెండవ మార్గమే అనువైనది.

నవల రూపకల్పనకు పూనుకొనే రచయిత ఈ చరిత్ర నుంచి గ్రహించదగినవి మూడు ప్రశ్నలు. ఈ ఊరు ఎలా పుట్టిందని దాని వారు నమ్ముతున్నారు? ఆ నమ్మకం ఎవరి హక్కును నిలబెడుతోంది? చివరకు ఫలశ్రుతి ఎవరికి దక్కుతుంది? వీటికి సమాధానాలు దొరికిననాడు పురాణం కేవలం అలంకారంగా మిగలక, కథకు వెన్నెముక అవుతుంది.