పాత పటములు – పల్లెల చరిత్ర



చరిత్ర యనగానే మనకు రాజులు, యుద్ధములు, శాసనములు జ్ఞప్తికి వచ్చును. కాకతీయులను గూర్చియు కుతుబ్ షాహీలను గూర్చియు గ్రంథములు పెక్కులు గలవు. మన ముత్తాత ఏ బావినీటితో పొలము పండించెనో, మన యూరి కుంట ఎప్పుడు పూడిపోయెనో చెప్పు గ్రంథ మొక్కటియు లేదు. అట్టి చిన్న చరిత్రకు తోడ్పడు సాధన మొకటి కలదు. అది భారతీయ సర్వే శాఖవారు ముద్రించిన స్థలవర్ణన పటము. జనులు దానిని టోపోషీటని వ్యవహరింతురు. హైదరాబాదునకు పడమట నున్న చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల నుదాహరణముగా గొని, ఈ పటముల నెట్లు చదువవలెనో, వానివలన గ్రామచరిత్రయు వంశచరిత్రయు ఎంతవరకు తెలియునో నేడు మనవి చేసెదను.

ముందుగా ఈ పటముల పుట్టుకను గూర్చి రెండు మాటలు. మన సర్వే శాఖ 1767లో ఏర్పడెను. 1802వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన విలియం లాంబ్టన్ అను సైనికాధికారి మద్రాసు చెంత పరంగికొండ యొద్ద గొలుసు పఱచి మొదటి ఆధారరేఖను కొలువ నారంభించెను. ఒక రేఖ పొడవును, దాని రెండు కొనలనుండి దూరపు కొండ కనుపించు కోణములను ఎఱిగినచో, ఆ కొండయొద్దకు పోకయే దాని దూరమును లెక్కవేయవచ్చును. ఇట్లు త్రిభుజమును త్రిభుజముతో గూర్చుచు ఆయన దక్షిణమునుండి ఉత్తరమునకు సాగి, 1815 నాటికి బీదరు ప్రాంతమును జేరెను. 1823లో హింగన్‌ఘాట్‌లో మరణించెను. మన గ్రామములు పటములమీద తమ తమ చోటుల నిలుచుటకు ఆ త్రిభుజములే పునాది.

ఆ కాలముననే కాలిన్ మెకంజీ యను మఱియొక అధికారి నిజాము రాజ్యమునను, పిమ్మట మైసూరునను సర్వే జరిపి, 1815లో దేశమునకంతకు మొదటి సర్వేయరు జనరలాయెను. ఆయనకు కుడిభుజమై నిలిచినవారు మన తెలుగువారగు కావలి సోదరులు. బొఱ్ఱయ్య 1803లో చిన్నవయస్సుననే గతించెను. తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. వారు ఊరూరను కరణముల కవిలెలు చూచి, పెద్దల నడిగి, కైఫియ్యత్తులు సేకరించిరి. కొలతగొలుసు పట్టిన అధికారి కొలువుననే ఊరి కథ వ్రాయు గంటమును సాగెనని గ్రహింపుడు. ఊరెచ్చట నున్నదో పటము చెప్పును. అందెవరుండిరో కైఫియ్యత్తు చెప్పును. ఈ రెంటిని విడదీసి చదువుటచేతనే మన స్థానిక చరిత్ర కుంటువడినదని నా యభిప్రాయము.

ఇక మన ప్రాంతమునకు వత్తము. 1905 తరువాత ఏర్పడిన పద్ధతి ననుసరించి దేశపటమును నాలుగేసి డిగ్రీల గడులుగా విభజించి, వానికి సంఖ్యల నిచ్చిరి. మనది 56వ గడి. దానిని పదునాఱు డిగ్రీ గడులుగా చేసి ఇంగ్లీషు అక్షరముల నిచ్చిరి; మనది ‘కె’. దానిని మరల పదునాఱు భాగములు చేసిరి. ఇట్టి షీటు ఒక్కొక్కటి పదునైదు నిమిషముల వెడల్పు, పదునైదు నిమిషముల పొడవు గలది. చేవెళ్ల 56 కె/3వ షీటునను, మొయినాబాదు 56 కె/7వ షీటు పడమటి యంచునను పడినవి. 78 డిగ్రీల 15 నిమిషముల తూర్పు రేఖాంశము ఈ రెండూళ్ల నడుమ పోవుచున్నది. ఇరుగుపొరుగున వియ్యమందిన ఊళ్లు రెండు కాగితములమీద పడుట వింతగా తోచును గాని, సర్వేవాని గీటునకు చుట్టఱికములతో పనిలేదు. కావున ఈ ప్రాంతపు కుటుంబచరిత్ర వ్రాయగోరువాడు రెండు షీటులను తెచ్చి అంచుల నతుకుకొనవలెను.

షీటు చేత బట్టినవాడు ముందుగా రంగులను తెలిసికొనవలెను. నీరు నీలము, సాగునేల పసుపు, చెట్టుచేమలు ఆకుపచ్చ, ఇండ్లు, బాటలు ఎఱుపు, ఎత్తును తెలుపు రేఖలు గోధుమవన్నె, రైలుబాటయు పేర్లును నలుపు. వానలు కురిసినప్పుడు మాత్రమే పాఱు వాగులను నల్లని గీతలతో చూపుదురు. చెరువుకట్ట చెంత ఒక అంకెయు, దాని ప్రక్కన ఇంగ్లీషు ‘ఆర్’ అక్షరమును కనుపించినచో, అది చుట్టునున్న నేలకంటె ఆ కట్ట ఎంత ఎత్తో తెలుపును. గుడికి, మసీదునకు, ఈద్గాకు, సమాధులకు, బావులకు వేఱువేఱు గుర్తులు గలవు. పాడుపడిన గ్రామమును గూడ పేర్కొనుట వాడుక. ఊరు లేచిపోయినను పేరు కాగితముమీద నిలిచియుండును. చరిత్ర వెదకువాని కది పెన్నిధి.

మొయినాబాదు ప్రాంతపు చరిత్రను పటముమీద చదువుటకు రెండు జలాశయములు మూలము. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసి, వేలకొలది ప్రజలను బలిగొనెను. మరుసటి సంవత్సరము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రావించి సలహా అడిగిరి. నగరమునకు ఎగువన జలాశయములు కట్టి వరదను పట్టి నిలుపవలెనని ఆయన సూచించిరి. ఆ సూచన ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరు 1920 నాటికిని, ఈసీపై హిమాయత్‌సాగరు 1927 నాటికిని వెలసెను. ఏడవ నిజాము పేర ఒకటి, ఆయన కుమారుని పేర మఱియొకటి. నగరము వరద భయము తీఱి, త్రాగునీరు పొందినది. అందులకు తమ నేల నిచ్చినవారు ఎగువనున్న పల్లెలవారు. రెండు నీటిపట్టుల నడుమ మొయినాబాదు నిలిచియున్నది.

ఇచ్చట నా యెఱుకలోని సంగతి యొకటి చెప్పెదను. నాయొద్ద పూర్వము చదువుకొనిన రైతుబిడ్డ యొకడు నాకడకు వచ్చి, “పంతులుగారూ, మా ముత్తాత భూమి యేమయ్యెనో తెలిసికొను మార్గము చెప్పుడు” అని యడిగెను. అతని ముత్తాతకు మూసీ దాపున చెల్క యుండెడిదట. అతడు కల్లు త్రాగి దాని నమ్ముకొన్నాడని దాయాదులు మూడు తరములుగా ఎత్తిపొడుచుచుండిరి. పిల్లల పెండ్లిమాటలలో సైత మా నింద వినబడుచుండెను. అతని నాయనమ్మ మాత్రము, “రెండు వాగులు గలిసేకాడ, గుట్టకు పొద్దుపొడుపు దిక్కు మా చెల్క” అని చెప్పుచు కన్నుమూసినది. ఆ కుటుంబము చేత నున్న ఆధారమెల్ల ఆ యొక్క వాక్యమే.

మేము జలాశయము కట్టక పూర్వపు పటము నకలును, నేటి షీటును ప్రక్కప్రక్కన పెట్టితిమి. పాతదానిలో అంగుళము ఒక మైలు, అనగా 63,360 వంతులలో ఒకటి. క్రొత్తది 50,000 వంతులలో ఒకటి. కావున పాతదానిని ఒకటింబాతికకు రవంత మించి పెంచవలసివచ్చెను. పిమ్మట రెండింటను మారక నిలిచిన రెండు గుట్టలను, ఒక గుడిని గుర్తులుగా గొని, పలుచని కాగితముమీద పాత వాగుల నెక్కించి క్రొత్త షీటుపై పఱచితిమి. గుట్టకు తూర్పున వాగులు కలియు చోటు నీలిరంగులో బాగుగ లోపలికి పోయి పడెను. ఉస్మాన్‌సాగరు నిండుమట్టము సముద్రమట్టమునకు 1790 అడుగులు. ఆ ఎత్తునకు లోబడిన నేల యంతయు నీటిపాలే.

ఇంతమాత్రమున తీర్పు చెప్పరాదు. ఆ చోటు మునిగినదని పటము చెప్పును. అది ఎవరిదో చెప్పదు. ఊరు, చోటు తేలిన పిమ్మట వెదకవలసినవి భూమి దస్త్రములు. గ్రామపు పాత సేత్వారు నకలు సంపాదించుటకు అతనికి ఎనిమిది నెలలు పట్టెను. అందు ఆ సర్వే నంబరు ముత్తాత పేరననే యున్నది. ఆ నంబరు చెరువు క్రిందకు పోయినట్లు తరువాతి దస్త్రమున కలదు. పరిహార మెంత ముట్టెనో, దానిని ఆయన యేమి చేసెనో తెలుపు కాగితము దొరకలేదు. కావున కల్లు త్రాగలేదని నేను చెప్పజాలను. భూమి నమ్ముకొన్నాడను మాట మాత్రము నిలువదు. ఆ వేసవిలో నీరు తీసినప్పుడు అతడు ముదుసలియైన తండ్రిని ఒడ్డునకు గొనిపోయి, వ్రేలితో ఆ దిక్కు చూపెనట. తండ్రి చాలసేపు మాటలాడక నిలుచుండెనట. పటము చేయగలిగిన మేలు అంతమాత్రమే. అది చిన్నది కాదు.

పటములను చదువుటలో రెండు చిక్కులు గలవు. మొదటిది పేరులను గూర్చినది. సర్వేవారు పేర్లను ఇంగ్లీషు లిపిలో వ్రాసిరి. ఆ లిపిలో లకార ళకారములకు భేదము లేదు. టకార తకారములకు లేదు. హ్రస్వ దీర్ఘములు తఱచుగా కలిసిపోవును. కావున పటముమీది పేరును తెలుగున మార్చునప్పుడు ఊరి పెద్దల నోట విని సరిచూడవలెను. రేగడి ఘనాపురము వంటి పేరు నేల స్వభావమును గూడ తెలుపును. చేవెళ్ల ప్రాంతమున నల్లరేగడి భూములు గలవని ఆ పేరే సాక్ష్యము. లిపి తప్పినచో అట్టి సాక్ష్యము చెడును.

రెండవ చిక్కు ఒకే పేరు పెక్కూళ్ల కుండుట. లాంబ్టన్ త్రిభుజములలో ప్రసిద్ధికెక్కిన దామరగిద్ద బీదరు ప్రాంతమునకు చెందినది. చేవెళ్ల మండలమున దామరగిద్ద యున్నది. నారాయణపేట జిల్లాలో మఱియొక దామరగిద్ద యున్నది. చేవెళ్లవాడు గ్రంథమున ఆ పేరు చూచి, తన యూరనే ఆ మహాసర్వే జరిగెనని పొంగిపోరాదు. ఇంటిపేరుల విషయమునను ఇంతే. మొయినాబాదు మండలమున చిలుకూరు కలదు. అందలి బాలాజీ దేవాలయము లోకప్రసిద్ధము. సూర్యాపేట జిల్లాలోను చిలుకూరు కలదు. 1910లో ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగమును వెలువరించిన చిలుకూరి వీరభద్రరావుగారు గోదావరి ప్రాంతీయులు. కావున చిలుకూరివారందఱిని మొయినాబాదునకు తెచ్చి కూర్చుండబెట్టుట చరిత్ర గాదు. ఇంటిపేరు త్రోవ చూపును. గమ్యమును మాత్రము దస్త్రములే నిశ్చయింపవలెను.

పటముమీది చిన్న గుర్తు వెనుక ఎంత పాతకాలము దాగియుండునో తెలుపు దృష్టాంత మొకటి గలదు. మొయినాబాదు మండలములోని ఎన్కేపల్లిలో, ఊరి చెరువు తూము గోడలో బిగించిన రాతిస్తంభములు రెండు 2023లో చరిత్రకారుల కంటబడినవి. వానిమీద జైన తీర్థంకరుల ప్రతిమలును, వేయేండ్లనాటి వ్రాతయు గలవు. పటములో చెరువుకట్ట యొక గీత, తూము ఒక చుక్క. జినాలయమునకు చెందిన రాళ్లు ఆ చుక్కలో ఉన్నవి. కావున పటమును చేతబట్టి కట్టవెంట నడువవలెను. కాగితముమీదనే యాగినవాడు సగమే చదివినవాడు.

పాత పటము నేటి వ్యవహారమునకును పనికివచ్చును. జలాశయముల రక్షణకై ప్రభుత్వమువారు 1996 మార్చి 8న 111వ నంబరు ఉత్తరువు వెలువరించి, వాని చుట్టునున్న 84 గ్రామములలో కట్టడముల నాంక్షించిరి. 2022లో ఆ యాంక్షలను సడలించుచు 69వ నంబరు ఉత్తరువు వెలువడెను. మేలు కీడులను నేనిచ్చట చర్చింపను. నేలధర పెరిగిన చోట కుంట పూడును, వాగు సన్నగిలును, సమాధిగడ్డ చదునగును. అప్పా కూడలినుండి మన్నెగూడ వరకు బాటకిరువైపుల నున్న తొమ్మిదివందల మఱ్ఱులు రోడ్డు వెడల్పు వివాదమున చిక్కుకొన్నవి. “ఇచ్చట కుంట యుండెనా?” అను ప్రశ్న వచ్చిననాడు పెద్దల జ్ఞాపకము నొకరు త్రోసిపుచ్చవచ్చును, ఏబదియేండ్ల నాటి షీటుమీది నీలిగుర్తును త్రోసిపుచ్చుట అంత సులభము గాదు. ఐనను సర్వే నంబరు హద్దులు టోపోషీటున నుండవు గనుక, హద్దు వివాదమునకు గ్రామ నక్షాను, 1954–55 నాటి ఖాస్రా పహాణీని జతపఱుపవలెను.

వినుచున్న యువకులకు నా మనవి ఇది. 2005 నాటి పటవిధానము మొదలు సామాన్యులకు అందుబాటులోనికి వచ్చిన 50,000 వంతుల షీటులను సర్వే శాఖవారినుండి తెప్పించుకొనుడు. అంతకు పూర్వపు నకళ్లు గ్రంథాలయములలో వెదకుడు. అమెరికా సైన్యమువారు 1950 ప్రాంతముల ముద్రించిన రెండులక్షల ఏబదివేల వంతుల పటములను టెక్సాస్ విశ్వవిద్యాలయమువారు అందఱికి చూడనిచ్చుచున్నారు. పటమును మీ యూరి వృద్ధుల ముందు పఱచి, ఒక్కొక్క కుంట పేరు, ఒక్కొక్క గుట్ట పేరు అడిగి తెలుగున వ్రాసికొనుడు. చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ ప్రక్కన వేయుడు. ఒక ప్రతిని మీ యూరి పాఠశాలకిండు. కాగితము సర్వేవారి యొద్ద భద్రముగనే యుండును. పేర్లు చెప్పువారు మాత్రము ఏటేట తగ్గిపోవుచున్నారు. కావున ఈ పనిని రేపటికి వాయిదా వేయకుడు.

స్వస్తి.