తప్పు చేతిదా, మీటదా?

సైకాలజీ చదివినవాడికి విమానాలతో పనేంటి తాతా అని అడిగారుగా. చెబుతా, మంటకి కాస్త దగ్గరికి జరగండి.

నేను అమెరికాలో చదివి, అక్కడే పాఠాలు చెప్పిన శాస్త్రాన్ని హ్యూమన్ ఫ్యాక్టర్స్ అంటారు. మనిషి కన్ను, చెయ్యి, జ్ఞాపకం ఎంతవరకు పనిచేస్తాయో కొలిచి, యంత్రాన్ని వాటికి తగ్గట్టు చేయించడం మా పని. మన ఊళ్లో మాత్రం నన్ను చాన్నాళ్లు పిచ్చాసుపత్రి డాక్టరనే అనుకున్నారు.

ఇది యుద్ధం పెంచిన చదువర్రా. రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 బాంబర్లు క్షేమంగానే నేల మీద దిగేవి. దిగాక పైలట్ రెక్కల ఫ్లాపులు మడవబోయి చక్రాలు మడిచేసేవాడు. అంత విమానమూ పొట్ట మీద కూలబడేది. పైలట్‌దే తప్పని రాసేసేవారు. సంగతేంటో చూడమని 1943లో ఆల్ఫాన్స్ చపానిస్ అనే కుర్ర సైకాలజిస్టుకి అప్పగించారు. ఆయన వెళ్లి కాక్‌పిట్ చూశాడు. రెండు మీటలూ పక్కపక్కనే, అచ్చం ఒకేలా ఉన్నాయి. అవి వేరువేరుగా ఉండే సి-47 విమానాల్లో ఈ గొడవే లేదు. చక్రాల మీటకి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపుల మీటకి కోసుగా ఉండే ముక్క తగిలించాడు. చీకట్లో తడిమినా ఏది ఏదో తెలిసిపోయేది. ఆ పొరపాట్లు ఆగిపోయాయి. పెద్ద విమానాల్లో చక్రాల మీట పిడి ఇవాళ్టికీ చక్రంలాగే ఉంటుంది.

యుద్ధమయ్యాక పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ కలిసి పైలట్లు మీటలతో చేసిన 460 పొరపాట్లు పోగుచేసి 1947లో అచ్చువేశారు. అందులో సగం ఒక మీట అనుకుని మరోటి పట్టుకున్నవే. మా తరం విద్యార్థులకి అదే ఓనమాలు.

క్లాసులో నేను మాత్రం పొయ్యితో మొదలుపెట్టేవాణ్ణి. నాలుగు బర్నర్లు చదరంగా, నాలుగు పిడులు వరసగా ఉన్న బొమ్మ గీసి, ఏ పిడి ఏ బర్నరుదో చెప్పమంటే ఇంజనీరింగ్ పిల్లలు కూడా తలో మాటా చెప్పేవారు. చపానిస్ 1959లో ఇదే పరీక్ష పెట్టాడు. వెనక బర్నర్లను కొంచెం పక్కకి జరిపి, ప్రతి పిడీ తన బర్నరుకి ఎదురుగా ఉండేట్టు చేస్తే ఒక్కరూ తప్పలేదు.

అయినా ఇంజనీర్లు మమ్మల్ని చాలాకాలం లెక్కచెయ్యలేదు. యంత్రమంతా కట్టేశాక, రంగులు ఎంచమన్నట్టు పిలిచేవారు. 1979 మార్చి 28న త్రీ మైల్ ఐలండ్ అణు కేంద్రంలో ప్రమాదం జరిగాక గాలి తిరిగింది. అక్కడ ఒక వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయింది. బోర్డు మీద దీపం ఆరిపోయింది కాబట్టి మూసుకుందనుకున్నారు ఆపరేటర్లు. ఆ దీపం చెప్పేది మూసుకోమన్న ఆజ్ఞ వెళ్లిందని మాత్రమే. దానికితోడు ఒక్కసారిగా మోగిన అలారాలు వందకి పైనే. అందులో ఏది ముఖ్యమో ఎవరికి తెలుస్తుంది? అప్పట్నుంచి కంట్రోల్ రూముల రూపకల్పనకి మావాళ్లకు పిలుపులొచ్చాయి, నా క్లాసులూ నిండాయి.

ఇన్నేళ్లు చెప్పిందంతా ఒక్క ముక్కలో చెప్పేస్తా, గుర్తుంచుకోండి. ఒకడు తప్పుచేస్తే వాడి తప్పు కావచ్చు. పదిమందీ అదే తప్పు చేస్తుంటే వస్తువుదే తప్పు. ఇంట్లో ఎవరైనా లైటు వెయ్యబోయి ఫ్యాను వేస్తే నవ్వకండి. స్విచ్చులన్నీ ఒకేలా వరసగా బిగించినవాణ్ణి అడగండి.