అద్భుతానికి ఎంత దూరం? సూరత్ అనుభవం నుంచి ఒక సమీక్షా ప్రమాణం

మాంత్రికులు, దయ్యాలు, శాపాలు, రూపాలు మార్చుకునే ప్రేమికులు ఉన్న నవల సమీక్షకు వచ్చినప్పుడు తెలుగులో సాధారణంగా రెండు తీర్పులే వినిపిస్తాయి. ఒకటి, కాలక్షేపం. రెండోది, మూఢనమ్మకం. మొదటి తీర్పు ఇచ్చినవారు పుస్తకాన్ని పక్కన పెట్టేస్తారు. రెండో తీర్పు ఇచ్చినవారు పుస్తకాన్ని వదిలేసి సమాజం గురించి మాట్లాడతారు. కథ తనకు తాను పెట్టుకున్న కట్టుబాట్లకు లోబడి నడిచిందా, అద్భుతం వల్ల మనకు మామూలుగా కనిపించనిది ఏదైనా కనిపించిందా అన్న ప్రశ్నలు రెండు చోట్లా మిగిలిపోతాయి. ఈ వ్యాసంలో నేను ప్రతిపాదించేది ఒకే ప్రమాణం: రచయిత అద్భుతాన్ని పాఠకుడి గడపకు ఎంత దగ్గరగా తెచ్చి నిలబెట్టాడో, ఆ మేరకే ఆ నవల లోకానికి జవాబుదారీ. ఈ ప్రమాణాన్ని పరీక్షించడానికి సూరత్‌ను ఎంచుకోవడానికి కారణాలున్నాయి. గుజరాతీ నవల, గుజరాతీ సమీక్ష దాదాపు ఒకే ఊపులో పుట్టిన నగరం అది. తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన పద్మశాలీల నగరం కూడా.

1844లో సూరత్‌లో దుర్గారాం మంఛారాం మెహతా అనే బడిపంతులు మిత్రులతో కలిసి మానవ ధర్మ సభను స్థాపించాడు. గుజరాతీ సంస్కరణోద్యమానికి అదే తొలి అడుగని చరిత్రకారులు చెబుతారు. ఆ సభ చేసిన పనుల్లో మనకు పనికొచ్చేది ఒకటుంది. మంత్రతంత్రాలతో దయ్యాలను రప్పిస్తామనీ, పంపిస్తామనీ చెప్పుకునేవారిని సభకు వచ్చి అందరి ముందూ చేసి చూపించమని దుర్గారాం సవాలు చేశాడు. భూతం ఉందా లేదా అన్నది అప్పటివరకు ఇంటి చీకట్లో గుసగుసగా మాట్లాడుకునే సంగతి. ఆయన దాన్ని బహిరంగ చర్చకు తెచ్చాడు. 1850లో అదే ఊళ్లో ఆండ్రూస్ గ్రంథాలయం వచ్చింది. 1863లో సూరత్ మిత్ర పత్రిక మొదలై, ఆ తర్వాత గుజరాత్‌మిత్రగా పేరు మార్చుకుంది. దుర్గారాం జీవితచరిత్రను 1879లో రాసిన మహీపత్‌రాం నీలకంఠ్ కూడా సూరత్‌వాడే. బడి, సభ, గ్రంథాలయం, పత్రిక ఇరవై ఏళ్లలో ఒక్క ఊళ్లో కూడినప్పుడు, ఊహాకథను ఎలా చదవాలన్న ప్రశ్న పుట్టకుండా ఉండదు.

ఆ ప్రశ్నను నవల రూపంలో తెచ్చింది నందశంకర్ మెహతా. సూరత్‌లో పుట్టి, అక్కడి ఇంగ్లీషు బడికి హెడ్మాస్టరుగా పనిచేసిన ఈయన 1866లో కరణ్ ఘేలో ప్రచురించాడు. గుజరాతీలో తొలి స్వతంత్ర నవలగా దానికి పేరు. గుజరాత్ చివరి రాజపుత్ర రాజు కరణ్ వాఘేలా తన మంత్రి మాధవుడి భార్యను అపహరిస్తాడు. అడ్డుపడిన మాధవుడి తమ్ముడు చనిపోతాడు, అతని భార్య సహగమనం చేస్తూ రాజును శపిస్తుంది. పగతో రగిలిన మాధవుడు ఢిల్లీ వెళ్లి అల్లావుద్దీన్ ఖిల్జీ సేనలను తెస్తాడు. రాజ్యం పోవడానికి కథలో రెండు కారణాలు పక్కపక్కనే నడుస్తాయి: మంత్రి పగ, స్త్రీ శాపం. పగ ఒక్కటే చాలు రాజ్యం కూలడానికి. అయినా శాపం లేకపోతే ఆ పతనానికి నైతికమైన బరువు రాదు. సంస్కరణ గాలి పీల్చిన ఊరి రచయిత శాపాన్ని వదులుకోలేదు. నేను దీన్ని ఆయన బలహీనతగా చూడను. నవల జరిగేది రచనాకాలానికి ఐదున్నర శతాబ్దాల కిందటి పాటణ్‌లో, కరణుడి రాజధానిలో. ఆ కాలం మనుషులు శాపాన్ని నమ్మి బతికారు, వాళ్ల మనసుల్లో అది పనిచేసింది. కరణుడి చుట్టూ చారణులు అల్లిన బాబరా భూతం లాంటి గాథలను బ్రిటిష్ అధికారి ఫోర్బ్స్ 1856 నాటి రాస్‌మాలా గ్రంథంలో పోగుచేసి పెట్టాడు. ఆ ముడిసరుకంతా చేతికి అందేంత దూరంలో ఉన్నప్పుడు ఏది తీసుకోవాలో, ఎక్కడ ఆగాలో రచయితే తేల్చుకోవాలి.

మరుసటి ఏడాదే, 1867లో, నవల్‌రాం పండ్యా కరణ్ ఘేలో మీద సమీక్ష రాశాడు. గుజరాతీలో ఆధునిక గ్రంథ సమీక్షకు ఆయనే ఆద్యుడని విమర్శకులు ఒప్పుకుంటారు. ఈయనా సూరత్‌లోనే పుట్టాడు. తొలి నవల, తొలి సమీక్ష, ఒకే ఊరివాళ్లు, ఒకే తరం. దీని ఫలితం చిన్నది కాదు. సమీక్షకుడికి రచయిత ఊరూ పేరూ తెలుసు, వాళ్ల బడీ సభా తెలుసు, అతను ఏ చర్చల మధ్య పెరిగాడో తెలుసు. పుస్తకాన్ని మెచ్చుకుంటే మొహమాటమని అనుకునే ప్రమాదం, తప్పుపడితే తగాదా అనుకునే ప్రమాదం రెండూ ఉన్నా, అచ్చులో నిలబడి మాట్లాడే అలవాటు అక్కడ మొదలైంది.

మన దగ్గర దీనికి జతగా నిలిచేది 1914లో వెలువడిన కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వ విచారము. తెలుగులో ఆధునిక విమర్శకు మైలురాయిగా చెప్పుకునే ఆ గ్రంథం ప్రధానంగా చర్చించింది పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని. పదహారో శతాబ్దపు ఆ కావ్యాన్ని నేటి భాషలో చెప్పాలంటే అచ్చమైన అద్భుత ప్రణయగాథ. పైగా దాని కథ మొదలయ్యేది ద్వారకలో, అంటే సూరత్ ఉన్న గుజరాత్ నేల మీదే. ద్వారక వేశ్య కలభాషిణి నలకూబరుడి మీద మనసు పడుతుంది. గంధర్వుడు మణికంధరుడు రంభను కోరుకుంటాడు. ఆమె రంభ రూపం ధరిస్తుంది, అతను నలకూబరుడి రూపం ధరిస్తాడు. ఇద్దరూ కలుస్తారు. ఎవరి కోరిక తీరింది? ఆమె కౌగిలించుకున్నది నలకూబరుణ్ణి కాదు, అతను పొందింది రంభను కాదు. ఇద్దరూ తమ మారువేషంతో ఎదుటివారిని మోసం చేశారు, ఎదుటివారి మారువేషం చేత మోసపోయారు. మామూలు ప్రేమకథ ఈ సంగతి చెప్పాలంటే పుటల కొద్దీ మనస్తత్వ విశ్లేషణ కావాలి. సూరన ఒక్క మాయతో దాన్ని కళ్ల ముందు నిలబెట్టాడు: మనం ప్రేమిస్తున్నామనుకునే మనిషిలో ఎంత భాగం మన కోరిక కట్టిన వేషం? అద్భుతం ఇక్కడ అలంకారం కాదు, ఆలోచనే. కట్టమంచి ఆ కథాసంవిధానాన్ని మెచ్చుకున్నప్పుడు రంభ ఉందా లేదా అని అడగలేదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ చేసిన ఆంగ్లానువాదం 2002లో వచ్చాక బయటి పాఠకులకూ ఈ కావ్యపు ఆధునికత తెలిసింది. అంటే రెండు భాషల్లోనూ తొలినాటి సమీక్ష శాపాలూ మాయలూ ఉన్న పుస్తకాల మీదే చేయి తిప్పుకుంది. తర్వాతి తరాలు ఆ జాతి రచనలను అంటరానివిగా చూడడం మొదటినుంచీ ఉన్న సంప్రదాయమేమీ కాదు.

ఇక సూరత్ తెలుగువారి సంగతి. వరంగల్లులో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బల్లార్షా, భుసావళ్, నందుర్బార్ మీదుగా సూరత్. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మూడు నాలుగు తరాలుగా నేతపనివారు ఈ దారిన వెళ్లి సాంచెల (మరమగ్గాల) మీద బతుకు వెతుక్కున్నారు. లింబాయత్, ఉధనా వైపు తెలుగు మాట వినిపించే వీధులున్నాయి. నగరపాలక ప్రాథమిక విద్యాసమితి నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం ఉంది. పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చిన మనిషికి ఊహాకథ ఎందుకని అడిగేవారు ఈ జనాల పురాణం విని ఉండరు. పద్మశాలీల మూలపురుషుడు మార్కండేయుడు, మృత్యువును గెలిచినవాడు. ఆయన కొడుకు భావనారుషి విష్ణునాభి కమలపు తూడు నుంచి దారం తీసి దేవతలకు బట్ట నేశాడు, సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడాడు, పులిని వాహనం చేసుకున్నాడు, రాక్షసుడితో పోరాడాడు. ఈ కథను కూనపులివారు నకాషీ పటం విప్పి, ఒక్కో బొమ్మనూ చూపిస్తూ తెలంగాణ ఊళ్లలో రాత్రుళ్లు చెప్పేవారు. ఈ పటం కథను కొంచెం దగ్గరగా చూడాలి. పటం నిలువుగా పొడవుగా ఉంటుంది, అడ్డపట్టీలుగా విడిపోయి ఉంటుంది. ఎర్రటి నేల మీద మనుషులు, దేవతలు, మృగాలు అన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. మగ్గం ముందు కూర్చున్న మనిషి, పులి మీద కూర్చున్న రుషి ఒకే చేతితో, ఒకే రంగులతో గీసినవి. అద్భుతానికి వేరే వెలుగు, వేరే చోటు ఇవ్వలేదు. పని కూడా అద్భుతమంత పవిత్రమని ఆ పట్టీ చెబుతోంది.

ఈ కథను మూఢనమ్మకమని తోసేస్తే, పడుగూ పేకల మీద బతికే జనం తమ పనికి తామే కట్టుకున్న గౌరవాన్ని తోసేసినట్టే. అందులోని అద్భుతం చాలా దూరంలో ఉంది, కృతయుగం నాటిది. అది విన్నందువల్ల పక్కింటివాణ్ణి ఎవరూ అనుమానించరు.

ఇక్కడే తులసిదళం ప్రశ్న వస్తుంది. యండమూరి వీరేంద్రనాథ్ ఆ నవలను ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా రాశారు. అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారి మారి అట్టలూడిపోయేదాకా తిరిగిన నవల అది. ఆస్తి కోసం ఒక చిన్నపిల్ల మీద క్షుద్రప్రయోగం చేయిస్తారు. ఒకవైపు కాద్రా అనే మాంత్రికుడు, మరోవైపు డాక్టర్లు, హిప్నాటిజం. పిల్ల ఒంట్లో జరిగేదానికి రెండు వివరణలూ చివరిదాకా సమాంతరంగా నడుస్తాయి. ఫ్రెంచి భాషలో రాసిన సిద్ధాంతకర్త త్స్వెతాన్ తొదొరోవ్ 1970లో చెప్పిన సూత్రం దీనికి సరిగ్గా సరిపోతుంది: జరిగింది ప్రకృతి నియమానికి లోబడిందా, దాటిందా అని తేల్చుకోలేక పాఠకుడు ఊగిసలాడినంతసేపే అద్భుత సాహిత్యం. ఆ ఊగిసలాటను అన్ని వందల పుటలు నిలబెట్టడం తేలికైన పని కాదు. రచనాశిల్పం దృష్ట్యా ఆ నవలకు తెలుగు సమీక్ష ఇంకా బాకీ ఉంది.

రంగనాయకమ్మ తులసిదళం కాదు, గంజాయి దమ్ము అన్న శీర్షికతో చేసిన విమర్శను శిల్పం తెలియని కోపమని కొట్టేయడం కూడా నాకు సమ్మతం కాదు. ఆ నవల జరిగేది కృతయుగంలో కాదు, మన ఊళ్లో, మన కాలంలో. పాఠకుడు దాన్ని చదువుతున్న రోజుల్లోనే పల్లెల్లో చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల పళ్లు రాలగొట్టారు, ప్రాణాలు తీశారు. కథ అంత దగ్గరికి వచ్చినప్పుడు విమర్శకురాలికి దాన్ని లోకం ముందు నిలబెట్టి అడిగే హక్కు పూర్తిగా ఉంది. సూరత్‌లో దుర్గారాం అడిగింది ఇదే. గుజరాత్ శాసనసభ 2024లో నరబలి, చేతబడి వంటి అమానుష ఆచారాలపై చట్టం చేయాల్సి వచ్చిందంటే, ఆయన వేసిన ప్రశ్నకు నూటఎనభై ఏళ్ల తర్వాత కూడా పని మిగిలే ఉంది. అయితే తులసిదళానికి వేసిన కొలబద్దను కళాపూర్ణోదయానికో, కాశీమజిలీ కథలకో, భావనారుషి పటానికో వేస్తే అన్యాయం. నందశంకర్ నవలలోని శాపం వీటి మధ్య ఎక్కడో ఉంది: కాలం దూరం, ఊరు దగ్గర.

అతీత శక్తులున్న ప్రణయ నవలలకు ఈ దూరంతో పాటు మరో పరీక్ష అవసరం. ప్రేమికుల్లో ఒకరికి మానవాతీత బలం ఉన్నప్పుడు రెండోవారి సమ్మతి ఏమవుతుంది? మణికంధరుడి మారువేషాన్ని సూరన ఊరికే వదల్లేదు, దాని ఫలితాలు కావ్యమంతా వెంటాడతాయి. నేటి నవల చాలాసార్లు నాయకుడి శక్తిని ఆకర్షణగా చూపించి ఆగిపోతుంది. సమీక్షకులు అక్కడ పట్టుకోవాలి.

సూరత్‌ను, తెలుగును కలిపే మరో దారి చందమామ. 1947లో తెలుగు, తమిళాల్లో మొదలైన ఆ పత్రిక తర్వాత గుజరాతీలోనూ వచ్చింది. 1952లో ఆ కార్యాలయంలో చేరి అర్ధశతాబ్దం పైగా పనిచేసిన దాసరి సుబ్రహ్మణ్యం 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి వరసగా అద్భుత సీరియళ్లు రాశారు. కుండలినీ ద్వీపం, సేనాని సమరసేనుడు, ఏకాక్షి, చతుర్నేత్రుడు, చిత్రకారుడు చిత్రా బొమ్మలు తెలుగు పిల్లల తరాలకు ఊహకు రూపమిచ్చాయి. ఆ సీరియళ్ల మీద ఆయన పేరు ఉండేది కాదు. పేరు లేని రచనకు సమీక్షకుడు దొరకడు. 2010లో ఆయన కన్నుమూశారు. ఆ సీరియళ్లకు నవలలుగా దక్కాల్సిన గుర్తింపు దక్కలేదంటే అందులో ఈ అనామకత్వానికీ వాటా ఉంది.

పరిశోధనకు నేను సూచించే తొలి పని ఇది: గుజరాతీ చందమామ పాత సంచికల్లో దాసరి సీరియళ్లు ఏయే రూపాల్లో వెళ్లాయో, మాంత్రికుల పేర్లు, శాపాల పలుకుబడి అనువాదంలో ఎలా మారాయో తెలుగు మూలంతో పక్కపక్కన పెట్టి చదవాలి. సూరత్‌లో పుట్టి తెలుగు, గుజరాతీ రెండూ చదవగలిగిన యువతరమే ఈ పనికి తగినవారు. నవల్‌రాం పుట్టిన ఊరి నుంచే, పేరు లేకుండా రాసిన ఒక తెలుగు రచయిత మీద పూర్తి సమీక్ష రావచ్చు.