పారిశ్రామిక మండలాలలో అత్యవసర చికిత్స: తొలి గంటే కీలకం

(ప్రత్యేక వ్యాసం)

హత్నూర: సంగారెడ్డి జిల్లాలోని హత్నూర వ్యవసాయంతో పాటు ఔషధ, రసాయన పరిశ్రమలు నెలకొన్న మండలం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు పూర్వం ఇది మెదక్ జిల్లాలో అంతర్భాగంగా ఉండేది. పొలంలో పాముకాటుకు గురైన రైతుకు, రియాక్టరు వద్ద కాలిన గాయాలైన కార్మికునికి, రహదారిపై పడిపోయిన ద్విచక్ర వాహనదారునికి మొదట అందుబాటులో ఉండేది సమీపంలోని చిన్న క్లినిక్కు లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే. అక్కడ తొలి గంటలో లభించే చికిత్సపైననే అనేక సందర్భాలలో వారి ప్రాణం ఆధారపడి ఉంటున్నది.

రెండు దుర్ఘటనలు

2024 ఏప్రిల్ 3న హత్నూర మండలం చందాపూర్ గ్రామ పరిధిలోని ఎస్.బి. ఆర్గానిక్స్ పరిశ్రమలో సంభవించిన పేలుడు, అగ్నిప్రమాదంలో కనీసం 5 మంది మరణించారు. పలువురు గాయపడ్డారు. 2025 జూన్ 30న పటాన్‌చెరు సమీపంలోని పాశమైలారంలో సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడు 54 మందిని బలిగొన్నది. వీరిలో 8 మంది ఆనవాళ్లు సైతం లభించలేదు. మృతులను గుర్తించుటకు డి.ఎన్.ఎ. పరీక్షలు జరుపవలసి వచ్చినది. మృతులలో అనేకులు ఇతర రాష్ట్రాల నుండి ఉపాధి కోసం వచ్చిన కార్మికులు.

ప్రస్తుత సేవలు

108 అత్యవసర సేవలు 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైనవి. 2018లో హైదరాబాదులో బస్తీ దవాఖానాలు మొదలుకాగా, తదుపరి గ్రామాలలో పల్లె దవాఖానాలు ఏర్పాటైనవి. 2022 నవంబరులో సంగారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. పటాన్‌చెరులో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి నిర్మాణానికి 2023 జూన్‌లో శంకుస్థాపన జరిగినది. అయితే బస్తీ, పల్లె దవాఖానాలు ప్రధానంగా పగటి వేళ సాధారణ రుగ్మతలకు ఉద్దేశించినవి. పరిశ్రమలు మాత్రం మూడు షిఫ్టులలో నడుస్తున్నవి. రాత్రి షిఫ్టులో ప్రమాదం జరిగిన కార్మికుడు ఎక్కడికి వెళ్లవలెనన్నది ముందుగానే నిర్ణయించి ఉంచవలసిన విషయం.

చట్టం ఏమి చెబుతున్నది?

ప్రాణాపాయంలో ఉన్న వ్యక్తికి చికిత్స చేయుట ప్రభుత్వ, ప్రైవేటు వైద్యులందరి బాధ్యత అని పరమానంద కటారా కేసులో 1989లో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. పోలీసు కేసు నమోదు కాలేదన్న కారణంతో చికిత్సను ఆపరాదు. తమకున్న సిబ్బంది, సదుపాయాల మేరకు రోగి పరిస్థితిని నిలకడకు తేవలెనని 2010 నాటి కేంద్ర వైద్య సంస్థల చట్టం నిర్దేశిస్తున్నది.

రోడ్డు ప్రమాద బాధితులకు రూ. 1.5 లక్షల వరకు, గరిష్ఠంగా 7 రోజుల పాటు నగదు రహిత చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మే 5న నోటిఫై అయినది. ఇది మోటారు వాహన ప్రమాదాలకే వర్తిస్తుంది. కర్మాగార ప్రమాద బాధితులలో అర్హులకు ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. 500 మందికి మించి కార్మికులున్న కర్మాగారంలో అంబులెన్సు గది ఉండవలెనన్న నిబంధన 1948 కర్మాగారాల చట్టంలో ఉండగా, 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతిలోను అది కొనసాగుతున్నది. అంతకంటె చిన్న పరిశ్రమల కార్మికులకు బయటి క్లినిక్కే దిక్కు.

క్లినిక్కుల ముందున్న సమస్యలు

మొదటిది సమాచార లోపం. కార్మికునిపై పడిన రసాయనం ఏదో తెలియనిదే వైద్యుడు సరైన నిర్ణయం తీసుకొనలేడు. ఆ రసాయనపు భద్రతా వివరాల పత్రాన్ని బాధితునితో పాటే పంపించవలెను. రెండవది విషవాయువులు. కొన్ని వాయువులు పీల్చిన వ్యక్తి మొదట బాగానే కనిపించి, కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తులలో నీరు చేరి విషమస్థితికి చేరవచ్చును. కనుక అతనిని పరిశీలనలో ఉంచక వెంటనే ఇంటికి పంపుట ప్రమాదకరం.

మూడవది మందులకు లొంగని సూక్ష్మజీవులు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్లు స్వీడన్ పరిశోధకులు 2007లో వెల్లడించారు. ఇట్టి ప్రాంతంలో ప్రతి జ్వరానికి యాంటీబయాటిక్ రాయుట మరింత అనర్థదాయకం. నాలుగవది అర్హత లేని వైద్యం. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేయువారికి 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు లేదా రూ. 5 లక్షల వరకు జరిమానా, లేక రెండూ విధించవచ్చును.

తక్షణ జాగ్రత్తలు

కాలిన గాయంపై 20 నిమిషాల పాటు చల్లని కుళాయి నీరు పోయవలెను. పేస్టు, సిరా, పసుపు పూయరాదు. ద్రవ రసాయనం పడినచో తడిసిన దుస్తులు తొలగించి ధారాళంగా నీటితో కడుగవలెను. పాముకాటుకు గురైనవారి అవయవాన్ని కదలనీయక, కోయక, బిగించి కట్టక, విషవిరుగుడు ఇంజక్షను లభించే ఆసుపత్రికి తరలించవలెను. ఛాతీ నొప్పి, శ్వాస ఇబ్బంది, స్పృహ కోల్పోవుట వంటి లక్షణాలున్నప్పుడు క్లినిక్కు కోసం వెదకక 108కి ఫోను చేయవలెను.

పరిశ్రమలు, క్లినిక్కులు, 108 సిబ్బంది కలసి ఏ గాయానికి ఏ ఆసుపత్రి అన్న జాబితాను ప్రతి షిఫ్టులో అందుబాటులో ఉంచుట అవసరం. ప్రమాద స్థలంలో అంబులెన్సుల దారికి అడ్డురాకుండుట, క్షతగాత్రుల వివరాలను అధికారులతో ధ్రువీకరించుకొని ప్రచురించుట ద్వారా పాత్రికేయులు సైతం ఈ కృషిలో భాగస్వాములు కాగలరు. దూరాన ఉన్న కార్మికుని కుటుంబానికి తొలి కబురు పలుమార్లు వార్త రూపంలోనే చేరుతున్నదని గుర్తుంచుకొనవలెను.