ఆపరేటింగ్ సిస్టమ్‌లో తెలుగు: అక్షరకూర్పు బాధ్యత మారిన తీరు

1. ఉపోద్ఘాతం

నేటి నిడదవోలును తూర్పు చాళుక్యుల కాలపు నిరవద్యపురంగా చరిత్రకారులు గుర్తిస్తారు. కంప్యూటరు తెరపై ఈ రెండు పేర్లు కనబడడం వెనుక కొంత ప్రక్రియ ఉంది. ‘నిడదవోలు’లో అక్షరాలు అయిదు, యూనికోడ్ లెక్కలో సంకేతాలు ఎనిమిది. ‘నిరవద్యపురం’లోని ‘ద్య’ ఒక్కటే దకారం, పొల్లు, యకారం అనే మూడు సంకేతాల కలయిక. ఈ సంకేతాలను అక్షరంగా కూర్చే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న కంప్యూటరు తెలుగు చరిత్రలో కీలకమైనది.

2. ప్రోగ్రామరు మోసిన భారం

భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఇస్కీ ప్రమాణాన్ని (ఐ.ఎస్. 13194) ప్రకటించింది. అదే సంవత్సరం వెలువడిన యూనికోడ్ తొలి కూర్పు తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. అయితే ప్రమాణం ఏర్పడినంత మాత్రాన అక్షరం తెరకెక్కదు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో తగిన ఏర్పాటు లేనందువల్ల తెలుగు సాఫ్టువేరు తయారీదారులు ఫాంటు, కీబోర్డు, కూర్పు నియమాలను తామే సమకూర్చుకోవలసి వచ్చింది. అను వంటి ఫాంట్లు ఆంగ్లాక్షరాల స్థానాలలో తెలుగు ఆకృతులను అమర్చాయి. డి.టి.పి. కేంద్రాలలో పుస్తకాలు చక్కగా అచ్చయ్యాయి. కానీ ఆ ఫాంటు లేని యంత్రంలో అదే పాఠం అర్థంలేని ఆంగ్లాక్షరాల వరుసగా మారేది. అందులో ఒక పదాన్ని వెతకడం గానీ, పదాలను అకారాది క్రమంలో పేర్చడం గానీ సాధారణ సాధనాలతో సాధ్యపడేది కాదు.

3. వ్యవస్థకు చేరిన బాధ్యత

విండోస్ 2000లో యూనిస్క్రైబ్ అనే లిపికూర్పు విభాగం ఉన్నా, భారతీయ లిపులలో దేవనాగరి, తమిళాలకే ఆ సౌకర్యం దక్కింది. 2001 అక్టోబరులో విడుదలైన విండోస్ ఎక్స్‌పి తెలుగును చేర్చుకొని, గోదావరి పాయ పేరు గల ‘గౌతమి’ ఫాంటును అందించింది. నాటి నుండి ప్రోగ్రామరు సంకేతాల వరుసను అప్పగిస్తే చాలు. గుణింతాన్నీ, ఒత్తునూ తగిన చోట నిలిపే పని వ్యవస్థదే. లినక్స్‌లో పాంగో ఇదే పాత్ర వహించింది. తెలుగు తెలియని ప్రోగ్రామరు రాసిన సాఫ్టువేరులో సైతం తెలుగు రాయగలగడం దీని ఫలితమే.

4. ఉమ్మడి ఏర్పాటులోని ప్రమాదం

బాధ్యత ఒకచోట చేరినప్పుడు లోపం కూడా అందరిదవుతుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’కు సంబంధించిన ఒక సంకేత క్రమం ఆపిల్ ఫోన్లలో, కంప్యూటర్లలో అనేక అప్లికేషన్లను స్తంభింపజేసింది. ఆ నెల 19న ఆపిల్ సవరణ విడుదల చేసింది. ఒక్క సవరణతో అన్ని అప్లికేషన్లూ చక్కబడడం ఈ ఏర్పాటులోని బలాన్ని కూడా తెలుపుతుంది.

5. ముగింపు

అక్షరకూర్పు ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేరడంతో తెలుగు పాఠం ఏదో ఒక ఫాంటుకు కట్టుబడి ఉండవలసిన స్థితి తప్పింది. అయితే పాత ఫాంట్లలో కూర్చిన పుస్తకాలు, సిద్ధాంత గ్రంథాలు యూనికోడ్‌లోకి మారితేనే పరిశోధకుని వెతుకులాటకు అందుతాయి. ఆ మార్పిడిలో ఒత్తులు, గుణింతాలు తారుమారయ్యే అవకాశం ఉంది. కనుక మూలంతో సరిపోల్చి పరిష్కరించడం తెలుగు శాఖలు చేపట్టవలసిన పని. తాళపత్రాలకు అవసరమైన పాఠపరిష్కరణ దృష్టి ఇక్కడా అవసరమే.