సుహా అన్నా అరుంధతి అన్నా

తెలుగు పెళ్లిలో, పట్టపగలైనా సరే, పంతులుగారు కొత్త జంటకు అరుంధతిని చూపిస్తారు. సప్తర్షి మండలం తోకలో మధ్య చుక్క వసిష్ఠుడు. ఆయన పక్కనే మినుకుమనేది అరుంధతి. అరబ్బీలో ఆమె పేరు సుహా. కంటిచూపు ఎంత పదునో తేల్చుకోవడానికి అరబ్బులు సుహాను చూడమనేవారు. 964 ప్రాంతంలో పర్షియా ఖగోళవేత్త అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ రాసిన నక్షత్రాల గ్రంథంలోనూ సుహా ఉంది. వసిష్ఠుడిని ప్రపంచమంతా పిలిచే మిజార్ అన్న పేరూ అరబ్బీదే. నడుముకు చుట్టుకునే బట్ట అని అర్థం.

మన చదువుల్లో మాత్రం ఆర్యభట తరవాత గెలీలియోనే. మధ్యలో వెయ్యేళ్లు ఎవరూ తల పైకెత్తలేదా?

1617లో గెలీలియో దుర్భిణీలో మిజారే రెండు చుక్కలుగా విడిపోయింది. 1857లో హార్వర్డ్‌లో జార్జి బాండ్ ఆ జంటను ఫొటో తీశాడు. నక్షత్రాలను ఫొటో తీసిన చరిత్ర హైదరాబాదుకూ ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండాలోని తన ఆవరణలో, సొంత ఖర్చుతో వేధశాల పెట్టాడు. 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. అంతర్జాతీయ ఆకాశపటం కోసం మన వంతు ఆకాశాన్ని గాజు ప్లేట్ల మీదికెక్కించి, 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచారు. ఆ నిజామియా వేధశాలను భాస్కరన్ నడిపాడు, ఆయన తరవాత అక్బర్ అలీ నడిపాడు. నిజాం అనగానే రజాకార్లు గుర్తొస్తారు. ఆ దౌర్జన్యం నిజం. ఈ పనీ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచేస్తే అది చరిత్ర కాదు.

ఇవాళ ఈ జంటను చూడడానికి నవాబు కానక్కర్లేదు. ఏప్రిల్, మే రాత్రుల్లో పెరట్లో 60 మిల్లీమీటర్ల దుర్భిణీ పెట్టుకుంటే చాలు, మిజార్ రెండుగా కనిపిస్తుంది. కాస్త ఎడంగా సుహా. కెమెరా తగిలిస్తే ఫొటో కూడా తీయొచ్చు. ఒకటే జాగ్రత్త. కెమెరాను ఎక్కువసేపు తెరిచి ఉంచితే పెద్ద చుక్క వెలుగు పక్కదాన్ని మింగేస్తుంది. రెండూ కలిసి ఒకే మచ్చగా పడతాయి. తెరిచిన సమయం తగ్గిస్తేనే దేనికది నిలుస్తుంది.

అందరూ ఒకటైపోవాలని మాకు చెప్పేవాళ్లకు ఈ సంగతి తెలిస్తే బాగుండు. మిజార్, సుహా ఆకాశంలో ఒకే దిక్కుకు కలిసి సాగుతున్నాయని కొలతలు చెప్తున్నాయి. కలిసి నడవడానికి ఒకటి రెండోదానిలో కరిగిపోనక్కర్లేదు. ఈ నేల మీద మేం సుహా అంటాం, అరుంధతి కూడా అంటాం. రెండూ మా మాటలే.