జోడు తుపాకీ, అమ్మ సంతకం

తాత పోయాక మామయ్య దగ్గర్నుంచి మూసారాంబాగ్‌లోని మా ఇంటికి ఒక కాయితం వచ్చింది. తాత పేరున ఉన్న జోడు తుపాకీ లైసెన్సును తన పేరుకు మార్చుకోవడానికి మిగతా వారసులకు అభ్యంతరం లేదని రాసిన అఫిడవిట్టు అది. కింద అమ్మ సంతకం చెయ్యాలి. పెన్ను కోసం వెతుకుతున్న నన్ను ఆపి అమ్మ అడిగింది: "ఏం తుపాకీ అది? ఎంత చేస్తది? తెలవకుండ ఎట్ల సంతకం పెట్టాలె?"

సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని, తుపాకుల గురించి నాకేం తెలుసు? కానీ అమ్మ ప్రశ్న న్యాయమైనది. 1998లో అన్నదమ్ములు పొలం పంచుకుని రిజిస్టరు చేసుకున్నప్పుడు అమ్మని ఎవరూ పిలవలేదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన హక్కు ఇచ్చిన మన రాష్ట్ర చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, కానీ అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలని పక్కన పెట్టింది. అమ్మ పెళ్లి 1980లో అయింది. 2005 కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది గానీ, 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలను కదిలించలేదు. పొలానికి అక్కర్లేని సంతకం తుపాకీకి కావలసి వచ్చింది.

మా ఇంట్లో ఆ తుపాకీ గురించి ఒక కథ ఉంది. అది మూసా రాముడి కార్ఖానాలో తయారైందట. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండే జనం నోట మూసా రాముడయ్యాడు, మూసా రహీమూ అయ్యాడు. మేమున్న పేటకి ఆయన పేరే. 1798 మార్చిలో చనిపోయాడు, సమాధి ఇక్కడికి దగ్గర్లోనే, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. ఆయన ఫిరంగుల కార్ఖానా తోప్ కా సాంచా పేరే ఇవాళ్టి గన్‌ఫౌండ్రీ. ఆయన పోయిన ఏడే నిజాం ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకోవడం, ఆ ఫ్రెంచి దళాల ఆయుధాలు దింపించడం జరిగిపోయాయి. ఇంత చరిత్ర గుమ్మం ముందే ఉన్నప్పుడు, మన తుపాకీ అందులోదే అనుకోవడం ఎవరికి తియ్యగా ఉండదు?

లైసెన్సుదారు చనిపోతే తుపాకీని ఇంట్లో ఉంచుకోకూడదు. ఠాణాలోగాని, లైసెన్సున్న దుకాణంలోగాని అప్పగించాలి. అట్లా ఒక దుకాణంలో ఉన్న దాన్ని చూడ్డానికి అమ్మా నేనూ వెళ్లాం. ముసలాయన నింపాదిగా తుపాకీని మధ్యకి విరిచి, తూటాలు లేవని చూపించి, గొట్టాలు ఊడదీసి బల్ల మీద పెట్టాడు. అక్కడే మా కథ సగం పోయింది. రేమండ్ కాలంలో తుపాకీకి మూతి నుంచి మందు దట్టించేవాళ్లు. ఇట్లా వెనక నుంచి తూటా పెట్టి వాడే వేట తుపాకీ ఫ్రాన్సులో 1830ల్లో గాని రాలేదు.

మిగతా సగం గొట్టాల అడుగున పోయింది. అక్కడ కోడిగుడ్డు ఆకారపు గీత మధ్యలో మూడు అక్షరాలు: ఇ, ఎల్, జి. పైన చిన్న కిరీటం. అది బెల్జియంలోని లీజ్ నగరపు పరీక్షశాల ముద్ర. కిరీటం 1893లో చేరింది కాబట్టి తుపాకీ ఆ తర్వాతిదే. గొట్టాల మీద నీటి అలల్లాంటి గీతలున్నాయి. ఇనుమునూ ఉక్కునూ పట్టీలుగా మెలిపెట్టి, కడ్డీకి చుట్టి, సాగగొట్టి అతికిస్తే వస్తాయవి. డమాస్కస్ గొట్టాలంటారు. కోనసముద్రం ఉక్కుతో చేసిన కత్తుల మీది అలలకూ ఇదే పేరు, కానీ పని వేరు. చేసినవాడి పేరు ఎక్కడా లేదు. లీజ్ నుంచి ఇట్లాంటి పేరులేని తుపాకులు లోకమంతటికీ చవగ్గా వెళ్లేవి. ఈ కాలపు తూటాలు ఆ పాత గొట్టాల్లో పేల్చకూడదనీ, లైసెన్సున్నవాళ్లకే అమ్మాలనీ, వచ్చేది చాలా తక్కువనీ ఆయన చెప్పాడు.

లీజ్ పక్కనే ఉన్న హెర్‌స్టాల్ ఆయుధ కర్మాగారంలో 1966 ఫిబ్రవరిలో దాదాపు మూడువేల మంది ఆడ కార్మికులు సమాన పనికి సమాన కూలి కావాలని పన్నెండు వారాలు సమ్మె చేశారు. ఆ సంగతి చెబితే అమ్మ, "తుపాకులు చేసేటోళ్లల్ల ఆడోళ్లుంటరా?" అని ఆశ్చర్యపోయింది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో అమ్మ తనే మొదలుపెట్టింది. నల్గొండ జిల్లాలోని వాళ్ల ఊళ్లో ఆ తుపాకీ ముందుగదిలో గోడకి వేలాడేదట. బట్టలు తెచ్చే చాకలామె అది ఉన్న వైపు చూడకుండా లోపలికి వచ్చేదట. కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమురయ్యను దేశ్‌ముఖ్ మనుషులు కాల్చి చంపాక, గోడ మీది తుపాకీ ఎవరికోసమో ఏ ఊళ్లోనూ వేరే చెప్పనక్కర్లేదు. సంఘపోళ్లు ఊరూరా ఆయుధాలు అడుగుతున్న రోజుల్లో మా అమ్మమ్మ, కొత్త కోడలు, దాన్ని చీరలో చుట్టి వడ్ల గుమ్మిలో పూడ్చిపెట్టింది. ఇంట్లో అందరూ దీన్ని తాత తెలివిగా చెబుతారు.

"సంఘం నుంచి దాచిందా?" అన్నాను.

"అట్లనే అంటరు. నాకైతే మీ తాత చేతికి చిక్కకుండ దాచిన అని చెప్పింది. ఆయనకప్పుడు ఇరవై ఏండ్లు, కోపం జాస్తి."

ఆ పోరాటంలోని స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా పుస్తకం వేసింది. తుపాకీ పట్టినవాళ్లూ, కబుర్లు మోసినవాళ్లూ, అన్నం పెట్టినవాళ్లూ అందులో ఉన్నారు. దళాన్ని నడిపిన మల్లు స్వరాజ్యం తన కథ తను చెప్పుకునే వెళ్లారు, 2022లో. మా అమ్మమ్మ అటు పక్షపు మనిషి కాదు. వెట్టి చేయించుకున్న ఇంటి కోడలు. ఆమె దాపరికాన్ని తిరుగుబాటుగా నేను దిద్దలేను. దొరతనాన్ని కాపాడిందో, ఒక ప్రాణాన్ని కాపాడిందో, రెండూ ఒకే చేత్తో చేసిందో. ఆ చాకలామెను అడిగినవాళ్లు మాత్రం లేరు. నేనూ ఆలస్యంగానే వచ్చాను.

తుపాకీ మీద ముద్రలు వేసినవాళ్లు చేసిన నగరాన్ని చెప్పగలిగారు. అది ఎవరి కళ్లు కిందికి దించిందో చెప్పే ముద్ర దాని మీద లేదు. అది అమ్మ నోట్లోనే ఉంది.

మర్నాడు అమ్మ సంతకం పెట్టింది. పెట్టేముందు వారసుల జాబితాలో 'కూతురు' అని తన పేరున్న చోట వేలు పెట్టి రెండుసార్లు చదివింది. కాయితం మడిచి కవర్లో పెట్టబోతుంటే ఆపి, వీధి చివర జిరాక్సు తీయించుకు రమ్మంది.

"ఎందుకమ్మా?"

"మా ఇంటి కాయితాలల్ల నా పేరున్నది ఇదొక్కటే."